పెదనాన్నకి గ్యాస్, నాన్నకి యాంజియో

ముందే ఓ మాట. నేను డాక్టర్ని కాను. బాపట్లలో ఇంజనీరింగ్ చదివి, హైదరాబాదులో కోడు రాసుకుంటూ, ఆ కోడుకి టెస్టులు రాసుకుంటూ బతికేవాణ్ణి. "గుండె గురించి నీకేం తెలుసోయ్" అంటే, నిజమే, గుండె గురించి పెద్దగా తెలీదు. టెస్టుల గురించి కాస్త తెలుసు. ఇక్కడ నా గోలంతా టెస్టుల గురించే.

మా పెదనాన్నది బాపట్ల. రిటైరైన లెక్కల మాస్టారు. పోయినేడాది ఎండాకాలం నుంచి ఆయనకో తంతు మొదలైంది. స్టేషన్లో బ్రిడ్జి మెట్లెక్కుతుంటే సగంలోకి వచ్చేసరికి ఛాతీ మధ్యలో రుబ్బురోలు పెట్టినట్టు బరువు. కమ్మీ పట్టుకుని రెండు మూడు నిమిషాలు నిలబడితే పోయేది. మళ్ళీ ఎక్కితే మళ్ళీ వచ్చేది. డాక్టరు దగ్గరికెళ్తే మంచం మీద పడుకోబెట్టి ఈసీజీ తీశారు. "శుభ్రంగా ఉంది మాస్టారూ, గ్యాసు. రాత్రిపూట పప్పు మానెయ్యండి" అన్నారు. ఆయన పప్పు మానేశాడు. బ్రిడ్జి ఎక్కడం కూడా మానేశాడు. నొప్పి తగ్గింది. అందరం సంతోషించాం.

మూడు నెలల తర్వాత ఓ తెల్లవారుజామున గుండెపోటు. గుంటూరు చేర్చేసరికి చాలా ఆలస్యమైపోయింది. బతికాడు, అదృష్టం. కానీ ఎకో రిపోర్టులో గుండె పంపింగ్ 35 శాతమని రాశారు. మామూలుగా 55కి అటూ ఇటూగానో, పైనో ఉండాలి.

నాకు భయం పట్టుకుంది. భయపడ్డ సాఫ్ట్‌వేర్ వాడు ఏం చేస్తాడు? ఆన్‌లైన్లో ఏదో ఒకటి కొంటాడు. నేను మా నాన్నకి గుండె పరీక్షల ప్యాకేజీ కొన్నాను. డిస్కౌంట్ కూడా వచ్చింది!

నాన్నది రేపల్లె. 57 ఏళ్ళు. బీపీ లేదు, షుగర్ లేదు, చుట్టా బీడీ లేదు. రోజూ పొలానికి సైకిలు మీద వెళ్ళొస్తాడు. ఏ నాడూ ఛాతీలో నొప్పన్నది ఎరగడు. పాపం, కొడుకు డబ్బు కట్టాడు కదాని రైలెక్కి తెనాలి వెళ్ళి, ట్రెడ్‌మిల్ మీద పరిగెత్తాడు. "టీఎంటీ పాజిటివ్" అని కాగితం ఇచ్చారు. సాయంత్రానికి అమ్మ ఫోను. "ఒరే అబ్బాయ్, నాన్న గుండెకి ఏదో పాజిటివ్ అంటన్నారురా" అని ఏడుపు. మర్నాడు సిటీలో ఓ పెద్దాసుపత్రిలో ఉన్నాం. కౌంటర్లో అడిగిన మొదటి ప్రశ్న, "ఇన్సూరెన్స్ ఉందా సార్?" ఆ రోజంతా నేను ఎదురుచూసిన ప్రశ్న ఇంకోటి ఉంది. "నడిస్తే నొప్పి వస్తుందా?" అన్నది. అది ఎవరూ అడగలేదు. సంతకం పెట్టే కాగితంలో మాత్రం, బ్లాక్ కనపడితే అక్కడికక్కడే స్టెంటు వేసెయ్యడానికి ఒప్పుకుంటున్నట్టు ఉంది.

మణికట్టు దగ్గర గొట్టం పెట్టి యాంజియో చేశారు. రక్తనాళాలు నార్మల్.

"పోన్లేరా, డౌటు తీరిపోయింది" అన్నారు చుట్టాలంతా. డౌటు తీరింది సరే. మోచేతి దాకా నల్లగా కమిలిపోయిన చెయ్యి నెల పట్టింది మామూలవడానికి. "గుండెకి యాంజియో చేశారంట" అని ఊళ్ళో పాకిన మాట మాత్రం ఇంకా తగ్గలేదు. నాన్న సైకిలు తొక్కడం మానేశాడు. నార్మల్ అని తేలిన గుండెతో!

ఇదీ కథ. ఒక ఇంట్లో ఇద్దరు అన్నదమ్ములు. నొప్పి ఉన్నాయనకి పరీక్ష చెయ్యలేదు. నొప్పి లేనాయనకి ఆఖరి పరీక్ష దాకా చేసేశారు. మన దగ్గర గుండె పరీక్షల వ్యవహారం మొత్తం ఈ రెండు వాక్యాల్లో ఉందని నా వాదన. ఏ మిషను గొప్పది, ఎన్ని స్లైసుల స్కానరు వచ్చింది అని కొట్టుకుంటున్నాం గానీ, ఎవరికి ఏ ప్రశ్న కోసం పరీక్ష చేస్తున్నామో అడిగేవాడు లేడు.

సరే, లెక్కల్లోకొద్దాం. 1989లో 147 అధ్యయనాల్ని కలిపి ట్రెడ్‌మిల్ పరీక్ష ఎంత నమ్మకస్తురాలో లెక్కేశారు. జబ్బున్న వంద మందిలో 68 మందిని పట్టుకుంటుంది. జబ్బులేని వంద మందిలో 77 మందిని "మీకేం లేదు" అని సరిగ్గా పంపిస్తుంది. మిగతా 23 మందిని ఊరికే భయపెడుతుంది. ఇవే అంకెలు తీసుకుందాం.

మా నాన్నలాంటి వాళ్ళు, అంటే ఏ నొప్పీ లేనివాళ్ళు, వెయ్యి మందిని ట్రెడ్‌మిల్ ఎక్కించండి. అందులో వందకి అయిదుగురికి నిజంగా బ్లాకులున్నాయనుకుందాం. యాభై మంది. వాళ్ళలో 34 మందికి పాజిటివ్ వస్తుంది. జబ్బులేని 950 మందిలో దాదాపు 219 మందికి కూడా పాజిటివ్ వస్తుంది. మొత్తం 253 పాజిటివ్ కాగితాలు, అందులో నిజం 34. అంటే పాజిటివ్ అని చేతికొచ్చిన ఎనిమిది కాగితాల్లో ఏడు అబద్ధం.

ఇప్పుడు మా పెదనాన్నలాంటి వాళ్ళు వెయ్యి మంది. మెట్లెక్కితే బరువు, ఆగితే తగ్గుదల. వీళ్ళలో సగం మందికి జబ్బుందనుకుందాం. 500లో 340 పాజిటివ్. జబ్బులేని 500లో 115 పాజిటివ్. ఇక్కడ పాజిటివ్ అంటే నాలుగింట మూడు నిజం. కానీ నెగటివ్ వచ్చిన 545 మందిని చూడండి. వాళ్ళలో 160 మంది జబ్బున్నవాళ్ళే! "టీఎంటీ నార్మల్, హాయిగా ఇంటికెళ్ళండి" అని పంపితే దాదాపు ప్రతి మూడో మనిషినీ మోసం చేసినట్టే.

అదే ట్రెడ్‌మిల్, అదే టెక్నీషియను, అదే కాగితం. ఒకరి దగ్గర పాజిటివ్ అబద్ధం, ఇంకొకరి దగ్గర నెగటివ్ అబద్ధం. తేడా అంతా పరీక్షకి ముందు మనిషిని కూర్చోబెట్టి అడిగే నాలుగు ప్రశ్నల్లో ఉంది. దానికి కరెంటు కూడా అక్కర్లేదు. ప్యాకేజీలో లేనిది అదొక్కటే.

"అయితే ట్రెడ్‌మిల్ పాతబడింది, సూటిగా మంచి పరీక్షకే పోదాం" అంటారా? ఏది మంచిదో తెలియాలంటే ఒక్కో పరీక్షా ఏం చూస్తుందో తెలియాలి. మాది కృష్ణా పశ్చిమ డెల్టా కాబట్టి కాలవల భాషలో చెప్తా.

ప్రకాశం బ్యారేజీ దగ్గర వదిలిన నీళ్ళు కాలవల్లో పడి వస్తాయి. మా రేపల్లె వైపు శివారు భూములు. పొలంలో పంట లేని రోజుల్లో కాలవ సగం పూడినా ఎవరికీ తెలీదు. ఉన్న కాస్త నీళ్ళూ సరిపోతాయి. అప్పుడు ఏ ఇంజనీరొచ్చి చూసినా "అంతా బాగానే ఉంది" అని రాసుకుపోతాడు. పడుకోబెట్టి తీసే ఈసీజీ, పడుకోబెట్టి చేసే టూడీ ఎకో అలాంటివే. పాత గుండెపోటుతో కండరం చచ్చిపోయి ఉంటేనో, వాల్వు పాడైతేనో ఎకో బ్రహ్మాండంగా చెప్తుంది. కాలవలో పూడిక మాత్రం దానికి కనపడదు. పెదనాన్న ఈసీజీ నార్మల్ రావడంలో వింతేం లేదు. ఆయన అప్పుడు మెట్లెక్కట్లేదు, మంచం మీద పడుకున్నాడు.

నాట్లప్పుడు చూడండి తమాషా. అందరికీ ఒకేసారి నీళ్ళు కావాలి. పూడిక ఉంటే శివారు చేను ఎండుతుంది. గుండెని కష్టపెట్టి చూసే పరీక్షలన్నీ ఈ జాతివే. ట్రెడ్‌మిల్ ఈసీజీ, స్ట్రెస్ ఎకో, మనవాళ్ళు ఇప్పటికీ "థాలియం టెస్టు" అనే న్యూక్లియర్ స్కాను (ఇప్పుడు అందులో ఎక్కువగా వాడేది టెక్నీషియం), స్ట్రెస్ ఎమ్మారై. ఇవి అడిగే ప్రశ్న, "కష్టపడితే గుండె కండరానికి నెత్తురు అందుతోందా?" అని.

రెండో జాతి, గట్టు వెంబడి నడుచుకుంటూ పూడిక ఎక్కడెక్కడ ఉందో చూసి రావడం. సీటీ యాంజియో చేసేది అదే. చేతి నరానికి మందు ఎక్కించి, స్కానర్లో గుండె రక్తనాళాల్ని బొమ్మ తీస్తారు. గొట్టం గుండె దాకా పోదు. మామూలు యాంజియో కూడా కాలవనే చూస్తుంది గానీ, గొట్టాన్ని గుండె రక్తనాళాల మొదటి దాకా తోసి అక్కడ మందు వదులుతుంది. 1958లో అమెరికాలో క్లీవ్‌లాండ్ క్లినిక్‌లో మేసన్ సోన్స్ అనే డాక్టరు చేతిలో మొదలైన పద్ధతి ఇది. దాంతో నీళ్ళు పారే దారి ఎంత సన్నబడిందో బాగా కనపడుతుంది. గట్టు లోపల పేరుకున్నది అంతగా కనపడదు. సీటీలో గోడ కూడా కనపడుతుంది.

గోడెందుకంటారా? గుండెపోటు చాలాసార్లు 90 శాతం పూడిన చోట రాదు. సగం కూడా పూడని చోట గోడలో కొవ్వు ముద్ద పగిలి, దానిమీద నెత్తురు గడ్డకట్టి, కాలవ ఉన్నట్టుండి మూసుకుపోతుంది. పూడిక కొంచెమే ఉన్న చోట గట్టు విరిగి కాలవలో పడ్డట్టన్నమాట. "పోయిన్నెలే టీఎంటీ నార్మల్, ఇవాళ పోయాడు" అనే కబుర్ల వెనక ఉన్న కారణాల్లో ఇదొకటి.

ఇక అంకెలు. బోలెడు అధ్యయనాల్ని కలిపి 2018లో యూరోపియన్ హార్ట్ జర్నల్లో వేసిన లెక్క ప్రకారం, సన్నబడ్డ రక్తనాళాన్ని పట్టుకోవడంలో ట్రెడ్‌మిల్ ఈసీజీ వందకి 58, స్ట్రెస్ ఎకో 85, న్యూక్లియర్ స్కాను 87, స్ట్రెస్ ఎమ్మారై 90, సీటీ యాంజియో 97. జబ్బు లేనివాణ్ణి లేదని చెప్పడంలో అదే వరసలో 62, 82, 70, 80, 78. అంటే సీటీ యాంజియో "లేదు" అందంటే దాదాపు లేనట్టే. "ఉంది" అంటే మాత్రం కాస్త ఆలోచించాలి. కాల్షియం ఎక్కువున్న నాళాల్ని అది ఉన్నదానికంటే సన్నగా చూపిస్తుంది. స్ట్రెస్ ఎకో రెండువైపులా నమ్మకంగా ఉంది, రేడియేషన్ లేదు, ఎకో మిషనే చాలు. కాకపోతే చేసేవాడి చెయ్యీ కన్నూ గట్టివై ఉండాలి.

పట్టుకుంటే సరిపోదు, ప్రాణం నిలబడాలి కదా. స్కాట్లాండులో స్కాట్-హార్ట్ అనే ప్రయోగం చేశారు. ఛాతీనొప్పితో వచ్చిన 4,146 మందిలో సగం మందికి మామూలు వైద్యం, సగం మందికి దానితోపాటు సీటీ యాంజియో. అయిదేళ్ళ లెక్క 2018లో వచ్చింది. గుండెజబ్బుతో చావో, గుండెపోటో వచ్చినవాళ్ళు మామూలు వైద్యంలో వందకి 3.9, సీటీ ఉన్నవైపు 2.3. తమాషా ఏంటంటే, అయిదేళ్ళు తిరిగేసరికి గొట్టం యాంజియోలు రెండువైపులా దాదాపు సమానం. సీటీ వైపు కొలెస్ట్రాల్ బిళ్ళలూ ఆస్పిరినూ ఎక్కువమందికి, సరైనవాళ్ళకి పడ్డాయి. బొమ్మ చూసి మందులు మార్చారు. బ్రిటన్‌లో నైస్ అనే సంస్థ 2016లోనే, గుండెజబ్బు ఉందని తేలనివాళ్ళకి ఇలాంటి నొప్పొస్తే మొదటి పరీక్షగా సీటీ యాంజియో చెయ్యమంది.

నా వాదనకి అడ్డొచ్చేది దాచేస్తే పాపం. 2015లో వచ్చిన ప్రామిస్ అనే అమెరికా ప్రయోగంలో పదివేల మందిని చూస్తే, సీటీతో మొదలుపెట్టినా స్ట్రెస్ పరీక్షతో మొదలుపెట్టినా రెండేళ్ళలో ఫలితం ఒకటే. పైగా సీటీ వైపు గొట్టం యాంజియోలు ఎక్కువయ్యాయి. కాబట్టి సీటీని దేవుణ్ణి చెయ్యొద్దు. కిడ్నీలు బాగుండాలి, మందు ఎలర్జీ ఉండకూడదు, గుండె నిమిషానికి 60కి దగ్గరగా కొట్టుకుంటే బొమ్మ బాగుంటుంది, రేడియేషన్ ఎంతోకొంత ఉంటుంది. ఇద్దరు పోటీపడితే ఎవరు గెలిచినా ఫరవాలేదు. ఈ రెంటినీ దాటేసి సరాసరి గొట్టం దగ్గరికి పరిగెత్తడమే నాకు మింగుడుపడట్లేదు.

ఎందుకంటే దానికీ లెక్కలున్నాయి. అమెరికాలో, అంతకుముందు గుండెజబ్బు ఉందని తెలియకుండా, తీరిగ్గా తేదీ చూసుకుని యాంజియో చేయించుకున్న దాదాపు నాలుగు లక్షల మందిని లెక్కేసి 2010లో వేశారు. గట్టి బ్లాకు దొరికింది 37.6 శాతం మందికే. యూరప్‌లో 2022లో వచ్చిన డిశ్చార్జ్ ప్రయోగం, 3,561 మందిలో సగానికి సీటీ, సగానికి సరాసరి గొట్టం. చావూ గుండెపోటూ పక్షవాతం లెక్కల్లో చెప్పుకోదగ్గ తేడా లేదు. పరీక్షవల్లా, దాని వెంట జరిగిన చికిత్సవల్లా వచ్చిన పెద్ద ఇబ్బందులు మాత్రం సీటీ వైపు వందకి 0.5, గొట్టం వైపు 1.9. "డౌటు తీరిపోయిందిగా" అనే మా చుట్టాలకి ఈ అంకె అంకితం.

మరి బ్లాకు దొరికాక? "ఇప్పుడే వెయ్యకపోతే టైం బాంబే" అంటారు. ఇస్కీమియా అనే ప్రయోగంలో మన దేశం కూడా ఉంది. 5,179 మంది, స్ట్రెస్ పరీక్షలో గట్టిగా తేడా కనపడ్డవాళ్ళు. 2020లో ఫలితం వచ్చింది. నిలకడగా ఉన్నవాళ్ళకి ముందే స్టెంటో బైపాసో చేసినా, మందులతో మొదలుపెట్టినా, మూడేళ్ళ పైచిలుకు లెక్కలో చావుల్లోనూ గుండెపోట్లలోనూ చెప్పుకోదగ్గ తేడా లేదు. నొప్పి తగ్గడంలో స్టెంటు మెరుగే, అది కాదనను. ఎడమవైపు మూలనాళంలో గట్టి బ్లాకున్నవాళ్ళని, గుండె బాగా బలహీనపడ్డవాళ్ళని అందులోకి తీసుకోలేదు, వాళ్ళ సంగతి వేరు. మిగతావాళ్ళకి మాత్రం బల్ల మీద పడుకుని సంతకం పెట్టాల్సినంత తొందర లేదు. ఇంటికెళ్ళి అన్నం తిని ఆలోచించుకోవచ్చు.

ఇక్కడ డాక్టర్లందరూ దొంగలని రాస్తే చప్పట్లు పడతాయి. నేనలా అనను. పెదనాన్న బతికింది డాక్టర్ల చేతి చలవే. కానీ డబ్బు ఎటు పారుతుందో చూడండి. 2007లో మొదలైన ఆరోగ్యశ్రీ దగ్గర్నుంచి మన కంపెనీల ఇన్సూరెన్సుల దాకా, ప్రధానంగా డబ్బొచ్చేది ఆసుపత్రిలో చేరి చేయించుకునే చికిత్సకి. పదిహేను నిమిషాలు కూర్చోబెట్టి "నొప్పి ఎక్కడ, ఎప్పుడు, ఎంతసేపు, ఆగితే తగ్గుతుందా" అని అడిగే డాక్టరుకి ఎవరిస్తారు? 2017 ఫిబ్రవరిలో కేంద్రం మందు పూసిన స్టెంటు ధరకి 29,600 రూపాయల దగ్గర కళ్ళెం వేసింది. అంతకుముందు లక్ష దాటేది. మంచి పనే. స్టెంటు ధర తగ్గించగలిగాం గానీ, ఆ స్టెంటు అవసరమా అని అడిగే ప్రశ్నకి ఇంకా ధర కట్టలేదు.

అసలు ముద్దాయిలం మనమే. ఊళ్ళో అమ్మానాన్నల్ని వదిలేసి వచ్చిన తప్పుని ప్యాకేజీలతో కడుక్కునేవాళ్ళం. నొప్పి లేని మనిషిని ట్రెడ్‌మిల్ ఎక్కించింది ఏ ఆసుపత్రీ కాదు, నేను. లక్షణాలు లేని, రిస్కు తక్కువున్న వాళ్ళకి ఈసీజీతో జల్లెడ పట్టొద్దని అమెరికా ప్రివెంటివ్ సర్వీసెస్ టాస్క్‌ఫోర్స్ 2018లోనే చెప్పింది. నేను చదవలేదు, డిస్కౌంట్ చూశాను. అదే నేను వారానికోసారి పెదనాన్నకి ఫోన్ చేసి "ఏంటి పెదనాన్నా, బ్రిడ్జి ఎక్కట్లేదంట?" అని అడిగి ఉంటే? ఆ ప్రశ్నకి మూడు నెలల టైముంది నాకు.

పల్లెటూళ్ళల్లో గుండెజబ్బులేంటి అనకండి. ఉభయ గోదావరి జిల్లాల్లో 45 ఊళ్ళలో 2004 అక్టోబరు దాకా ఏడాదిపాటు జరిగిన 1,354 చావుల్ని లెక్కేస్తే, 32 శాతం గుండె, రక్తనాళాల జబ్బులవే. అన్నిటికంటే మొదటి స్థానం అదే. మన డెల్టా ఊళ్ళు వాటికంటే పెద్ద తేడాగా ఉంటాయని నేననుకోను.

కాబట్టి నేను చెప్పొచ్చేదేంటంటే, కాగితం మీద సంతకం పెట్టేముందు నాలుగు ప్రశ్నలు అడగండి. ఈ మనిషి లక్షణాలు, వయసు, బీపీ షుగరు చూస్తే జబ్బుండే అవకాశం ఎంత? ఈ పరీక్షలో పాజిటివ్ వస్తే ఏం చేస్తారు, నెగటివ్ వస్తే ఏం చేస్తారు? రెంటికీ ఒకటే జవాబైతే ఆ పరీక్ష ఎందుకు? గొట్టం కంటే ముందు సీటీ యాంజియో గానీ స్ట్రెస్ ఎకో గానీ కుదరదా, ఎందుకు కుదరదు? ముందు బొమ్మ చూసి, స్టెంటు సంగతి తర్వాత మాట్లాడుకుందామా?

ఒక్క చోట మాత్రం ఈ ప్రశ్నలన్నీ కట్టిపెట్టండి. కూర్చున్నవాడు కూర్చున్నట్టే ఛాతీ బరువెక్కి, చెమటలు పట్టి, తగ్గకుండా ఉంటే అది పరీక్షలు పోల్చుకునే టైం కాదు. 108కి ఫోన్ కొట్టండి. అక్కడ నిమిషాల్లో ఈసీజీ కావాలి, నార్మల్ వస్తే మళ్ళీ ఈసీజీ కావాలి, ట్రోపోనిన్ రక్తపరీక్ష కావాలి. గుండెపోటులో గొట్టం యాంజియో ప్రాణం నిలబెడుతుంది. దాన్ని తిట్టే నోరు నాకు లేదు.

పోయిన్నెల ఊరెళ్ళాను. పెదనాన్న బాపట్లలో రైలెక్కించడానికి వచ్చి, బ్రిడ్జి కిందే ఆగిపోయాడు. "నువ్వెళ్ళరా, నేను ఇక్కణ్ణుంచే చూస్తా" అన్నాడు. లెక్కల మాస్టారు కదా, పైన రాసిన వెయ్యి మంది లెక్క ఆయనకే ముందు చూపించాను. కళ్ళజోడు సవరించుకుని రెండుసార్లు చూసి, "లెక్క కరెక్టే. నన్నెవరూ అడగలేదు గదరా" అన్నాడు.

రేపల్లెలో నాన్న సైకిలు ఇంకా అరుగు మీదే ఉంది. ఈసారి ప్యాకేజీ కొనలేదు. టైర్లకి గాలి కొట్టించి వచ్చాను.